ఇంధన ధరలు, పన్నులు, రాజకీయ ద్వంద్వ వైఖరి: స్వతంత్ర భారత అనుభవం

1. ప్రవేశిక

1973 నవంబరులో పార్లమెంటు శీతాకాల సమావేశాలు మొదలైన రోజున జనసంఘ్ నాయకుడు అటల్ బిహారీ వాజ్‌పేయి తోటి సభ్యులతో కలిసి ఎడ్లబండి మీద సభకు వచ్చారు. ఇందిరాగాంధీ ప్రభుత్వం పెట్రోలు ధరను ఒక్కసారిగా భారీగా పెంచడానికి అది నిరసన. 2021 ఆగస్టులో కాంగ్రెసు నాయకుడు రాహుల్ గాంధీ ఇతర ప్రతిపక్ష సభ్యులతో కలిసి సైకిలు మీద పార్లమెంటుకు వెళ్ళారు. అదీ ఇంధన ధరల మీద నిరసనే. అయితే ఈసారి అధికారంలో ఉన్నది జనసంఘ్ వారసత్వం గల భారతీయ జనతా పార్టీ. నలభై ఎనిమిదేళ్ళ ఎడంలో జరిగిన ఈ రెండు సంఘటనలలో పాత్రధారులు స్థానాలు మార్చుకున్నారు గాని సంభాషణలు పెద్దగా మారలేదు.

ఈ పాఠంలో మనం పరిశీలించవలసిన విషయం ఇదే. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ఇంధన ధరల పెంపును ప్రజా వ్యతిరేకమని ఖండించిన పార్టీ, అధికారంలోకి వచ్చాక అదే పని ఎందుకు చేసింది? చేసినప్పుడు ఏ సమర్థన చెప్పింది? ఆ పెంపులో అంతర్జాతీయ మార్కెట్టు వాటా ఎంత, పన్నుల వాటా ఎంత?

ద్వంద్వ వైఖరి అనే మాటను చరిత్ర విద్యార్థి జాగ్రత్తగా వాడాలి. పరిస్థితులు మారినప్పుడు అభిప్రాయం మార్చుకోవడం తప్పు కాదు. ముడిచమురు పీపా ధర నాలుగింతలైనప్పుడు ఏ ప్రభుత్వమైనా దేశంలో ధర పెంచక తప్పదు. ప్రతిపక్షంలో ఉండగా తెలియని లెక్కలు మంత్రి అయ్యాక తెలియడమూ సహజమే. కాని పరిస్థితులు అవే ఉండి, లెక్కలు ముందే తెలిసి ఉండి, కూర్చున్న కుర్చీ ఒక్కటే మారినప్పుడు మాట మారితే దానిని ద్వంద్వ వైఖరి అనాలి. ఈ కొలతతో చూస్తే కొన్ని విమర్శలు నిలబడవు, కొన్ని మరింత బలపడతాయి.

2. 1973 నాటి సంక్షోభం, దాని వారసత్వం

1973 అక్టోబరులో పశ్చిమాసియా యుద్ధం తరువాత చమురు ఎగుమతి దేశాలు ధరలు పెంచాయి. అంతకు ముందు పీపా సుమారు 3 డాలర్లున్న ముడిచమురు 1974 జనవరి నాటికి 11 డాలర్లు దాటింది. అవసరంలో అధిక భాగాన్ని దిగుమతి చేసుకునే భారతదేశానికి ఇది పెద్ద దెబ్బ. విదేశీ మారక ద్రవ్యం అసలే తక్కువ. కాబట్టి వాడకం తగ్గించడానికి ధర పెంచడం తప్ప వేరే దారి లేదని ప్రభుత్వం వాదించింది.

ఆ వాదనకు తోడుగా మరో మాట కూడా వినిపించింది. పెట్రోలు కారున్న వాళ్ళు వాడే ఇంధనం, పేదవాడు వాడేది కిరోసిను, రైతు వాడేది డీజిలు. కనుక పెట్రోలు మీద పన్ను వేస్తే అది ధనికుల మీద వేసినట్లే అన్నది ఆ మాట సారాంశం. 1973లో ఇందులో నిజం ఉంది. ఆనాడు మన జిల్లా కేంద్రాలలో సైతం సొంత వాహనం గలవారిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. కాని పన్నుల నిర్మాణం ఈ తర్కం మీద ఒకసారి నిలబడ్డాక, తర్కం కూలినా నిర్మాణం కూలలేదు. 2014లో కేంద్ర పెట్రోలియం శాఖ విడుదల చేసిన అధ్యయనం ప్రకారం దేశంలో అమ్ముడయ్యే పెట్రోలులో 60 శాతానికి పైగా ద్విచక్ర వాహనాలకే పోతోంది. పాల క్యాను కట్టుకుని పట్నం వెళ్ళే రైతు, ఊరూరా తిరిగే చిరు వ్యాపారి ఈ లెక్కలో ఉన్నారు. ధనికుల ఇంధనం అనే పేరు మాత్రం చాలాకాలం కొనసాగింది.

అదే దశకంలో విదేశీ చమురు కంపెనీల జాతీయీకరణ జరిగింది. ఎస్సో, బర్మా షెల్, కాల్‌టెక్స్ ఒకదాని తరువాత ఒకటి ప్రభుత్వ పరమయ్యాయి. విశాఖపట్నంలోని కాల్‌టెక్స్ శుద్ధి కర్మాగారం 1976లో ప్రభుత్వం చేతికి వచ్చి, 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది. దీనితో ముడిచమురు కొనుగోలు, శుద్ధి, అమ్మకం, ధర నిర్ణయం, పన్ను వసూలు అన్నీ దాదాపుగా ప్రభుత్వం చేతిలోకి చేరాయి. ధర పెరిగితే మార్కెట్టు మీద నెపం వేయడానికి అప్పటి పాలకులకు అవకాశం తక్కువ. సంతకం వారిదే, బాధ్యత కూడా వారిదే.

3. పాలిత ధరల కాలం: 1975–2002

ధరలను ప్రభుత్వమే నిర్ణయించే ఈ విధానాన్ని పాలిత ధరల విధానం అంటారు. అంతర్జాతీయ ధరకు, దేశంలోని అమ్మకపు ధరకు మధ్య తేడాను చమురు నిధి ఖాతాలో సర్దేవారు. ఒక సరుకు మీద మిగిలిన డబ్బు మరో సరుకు మీద నష్టాన్ని పూడ్చేది. సామాన్యుడికి ఈ ఖాతా కనిపించదు. ధర ఎప్పుడు పెంచాలన్నది ఆర్థిక శాస్త్రం కంటే పంచాంగం చూసి, అంటే ఎన్నికల పంచాంగం చూసి, నిర్ణయించడం ఈ కాలంలోనే అలవాటుగా మారింది.

1990 గల్ఫ్ సంక్షోభం వేళ వి.పి. సింగ్ ప్రభుత్వం పెట్రోలియం ఉత్పత్తుల మీద 25 శాతం గల్ఫ్ సర్‌ఛార్జీ వేసింది. 1991 జులై బడ్జెట్టులో పి.వి. నరసింహారావు ప్రభుత్వం పెట్రోలు, వంటగ్యాసు ధరలను 20 శాతం పెంచి, కిరోసిను ధరను కొంత తగ్గించింది. విదేశీ మారక నిల్వలు కొన్ని వారాల దిగుమతులకే సరిపోయే స్థితిలో ఉన్నాయి గనుక ఈ రెండు నిర్ణయాలనూ కపటమని అనడం న్యాయం కాదు.

1996 ఉదాహరణ ఇంతకంటే ఆసక్తికరం. దేవెగౌడ నాయకత్వంలోని యునైటెడ్ ఫ్రంట్ ప్రభుత్వం అధికారంలోకి వచ్చిన నెలా రెండు నెలలకే, జులైలో, ఇంధన ధరలను 30 శాతం దాకా పెంచింది. ఆ కూటమికి కన్వీనరు అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు. వామపక్షాలు కూటమిని నిలబెడుతూనే పెంపును వ్యతిరేకించాయి. చివరికి డీజిలు మీద పెంపును సగానికి తగ్గించారు. ప్రభుత్వానికి మద్దతు, ప్రభుత్వ నిర్ణయానికి వ్యతిరేకత అనే ఈ ద్విపాత్రాభినయం తరువాతి సంకీర్ణాలన్నిటిలోనూ మనకు కనిపిస్తుంది.

1999 మరింత సూటిగా ఉంటుంది. ఆ ఏడాది లోక్‌సభ ఎన్నికలు అనేక దశల్లో జరిగి అక్టోబరు మొదటి వారంలో ముగిశాయి. చివరి దశ పోలింగు ముగిసిన వెంటనే, ఓట్ల లెక్కింపు కూడా మొదలు కాకముందే, వాజ్‌పేయి ప్రభుత్వం డీజిలు ధరను సుమారు 40 శాతం పెంచింది. చమురు ధర ఆ వారంలో హఠాత్తుగా పెరగలేదు, నెలల తరబడి పెరుగుతూనే ఉంది. ఓటరు బూతు నుంచి బయటికి వచ్చేదాకా ప్రభుత్వం ఆగింది. ఎడ్లబండి మీద వచ్చిన నాయకుడే ఈ నిర్ణయం తీసుకున్న ప్రధాని కావడం గమనార్హం.

4. సడలింపు, చమురు బాండ్లు, బందులు: 2002–2014

2002 ఏప్రిల్ 1 నుంచి వాజ్‌పేయి ప్రభుత్వం పాలిత ధరల విధానాన్ని రద్దు చేసింది. ఇకపై ధరలను చమురు కంపెనీలే నిర్ణయిస్తాయని ప్రకటించింది. 2004 ఎన్నికలు దగ్గర పడేకొద్దీ ఆ స్వేచ్ఛ కాగితం మీదే మిగిలింది. తరువాత వచ్చిన మన్మోహన్ సింగ్ ప్రభుత్వం కూడా దానిని తిరిగి ఇవ్వలేదు. అంతర్జాతీయ ధర పెరిగినా కంపెనీలను తక్కువ ధరకు అమ్మించి, ఆ నష్టానికి బదులుగా చమురు బాండ్లు ఇచ్చింది. బాండు అంటే ఇప్పుడు ఇవ్వవలసిన డబ్బును పదేళ్ళకో ఇరవై ఏళ్ళకో ఇస్తామని రాసిచ్చే పత్రం. ఆ ఏటి బడ్జెట్టు లోటులో ఇది పూర్తిగా కనపడదు. వినియోగదారుకు చవక, మంత్రికి మంచిపేరు, అప్పు మాత్రం రాబోయే ప్రభుత్వానికి. 2010 నాటికి బాండ్ల జారీ ఆగిపోయింది గాని సుమారు 1.3 లక్షల కోట్ల రూపాయల అసలు మిగిలింది.

కిరీట్ పారిఖ్ సంఘం సిఫారసుల తరువాత 2010 జూన్‌లో పెట్రోలు ధర మీద నియంత్రణ తొలగించారు. 2010 జులై 5న భాజపా కూటమి, వామపక్షాలు వేరువేరుగా పిలుపునిచ్చి ఒకే రోజు భారత్ బంద్ జరిపాయి. 2012 మే నెలలో పెట్రోలు ధర ఒకేసారి ఏడు రూపాయలకు పైగా పెరిగినప్పుడు, అదే నెల 31న మళ్ళీ బంద్ జరిగింది. ఇక్కడ విద్యార్థులు ఒక ప్రశ్న వేసుకోవాలి. 2010లో రద్దయిన నియంత్రణను 2002లో రద్దు చేసింది ఎవరు? బంద్‌కు పిలుపునిచ్చిన కూటమే. 2014 అక్టోబరులో డీజిలు మీద కూడా నియంత్రణ ఎత్తివేసింది ఎవరు? మళ్ళీ ఆ కూటమే. అంటే విధానం విషయంలో రెండు పెద్ద పార్టీల మధ్య నిజమైన భేదం లేదు. భేదమంతా బంద్ చేసేది ఎవరన్న దగ్గరే ఉంది. 2018 సెప్టెంబరు 10న కాంగ్రెసు నాయకత్వంలో ఇంధన ధరలపై భారత్ బంద్ జరిగినప్పుడు ఆ భేదం కూడా తీరిపోయింది.

మీ అవగాహనను సరిచూసుకోండి: చమురు బాండు వల్ల వినియోగదారుకు, ప్రభుత్వానికి, చమురు కంపెనీకి కలిగిన లాభనష్టాలను పది వాక్యాలలో రాయండి. 1991, 1999 నిర్ణయాలను ప్రవేశికలో చెప్పిన కొలతతో పోల్చండి.

5. ధర పడిపోయినప్పుడు పన్ను లేచింది: 2014–2022

ముడిచమురు ధర పెరిగినప్పుడు ప్రభుత్వాలు ఏం చేశాయన్నది పైన చూశాం. ధర తగ్గినప్పుడు ఏం చేశాయన్నది ఇంకా కీలకమైన ప్రశ్న. ఎందుకంటే పెరుగుదలకు అంతర్జాతీయ కారణాలు చెప్పవచ్చు. తగ్గుదలను వినియోగదారుకు అందనీయకపోతే ఆ కారణం చెల్లదు.

2014 జూన్‌లో పీపా 100 డాలర్లకు పైన ఉన్న ముడిచమురు 2016 జనవరి నాటికి 30 డాలర్ల లోపుకు పడిపోయింది. 2014 నవంబరు నుంచి 2016 జనవరి దాకా కేంద్రం తొమ్మిదిసార్లు ఎక్సైజ్ సుంకం పెంచింది. లీటరు పెట్రోలు మీద 9.48 రూపాయలున్న సుంకం 21.48 అయింది. డీజిలు మీద 3.56 నుంచి 17.33కు చేరింది. పెట్రోలు సుంకం రెట్టింపు దాటింది. రైతు ఇంధనంగా, లారీ ఇంధనంగా దశాబ్దాల పాటు తక్కువ పన్నుతో ఉన్న డీజిలు మీద అది దాదాపు ఐదింతలైంది.

2020లో కరోనా లాక్‌డౌన్ వేళ ముడిచమురు మరింత పతనమైంది. ఆ మార్చిలో 3 రూపాయలు, మే నెలలో పెట్రోలు మీద 10, డీజిలు మీద 13 రూపాయల చొప్పున సుంకం పెరిగింది. మొత్తం సుంకం పెట్రోలు మీద 32.98, డీజిలు మీద 31.83 రూపాయలకు చేరింది. బంకులో ధర ఆ రోజు కదలలేదు గనుక ఎవరికీ నొప్పి తెలియలేదు. తగ్గవలసిన ధర తగ్గకపోవడమే ఆ పన్ను. ఢిల్లీలో కేజ్రీవాల్ ప్రభుత్వం అంతకు ఒక రోజు ముందే వ్యాట్‌ను పెట్రోలు, డీజిలు రెండింటి మీదా 30 శాతానికి పెంచింది.

ఆనాటి ఢిల్లీ లెక్కను ఒకసారి విప్పి చూద్దాం. 2020 మే 6న లీటరు పెట్రోలు 71.26 రూపాయలు. ఇందులో రవాణాతో కలిపి సరుకు ధర 18.28. కేంద్ర సుంకం 32.98. డీలరు కమీషను 3.56. రాష్ట్ర వ్యాట్ 16.44. అంటే వినియోగదారు ఇచ్చిన 71 రూపాయలలో 49 రూపాయలకు పైగా పన్నే. సుమారు 69 శాతం. ఇంకో విషయం గమనించండి. వ్యాట్‌ను సరుకు ధర మీదనే కాక కేంద్ర సుంకం మీద కూడా లెక్కగడతారు. 32.98 రూపాయల సుంకం మీద 30 శాతం అంటే దాదాపు 9.90. రాష్ట్రానికి వచ్చిన 16.44లో సగానికి పైగా పన్ను మీద వేసిన పన్నే.

కేంద్రం తన సమర్థనలు చెప్పింది. రోడ్లకు, సంక్షేమానికి, లాక్‌డౌన్ కాలంలో ఉచిత రేషన్‌కు డబ్బు కావాలన్నది ఒకటి. ఇది తోసిపుచ్చదగిన వాదన కాదు. ఆదాయాలు పడిపోయిన ఏడాదిలో ఏ ప్రభుత్వానికైనా వనరులు కావాలి. కాని 2019 సెప్టెంబరులో ఇదే ప్రభుత్వం కంపెనీల మూల పన్ను రేటును 30 నుంచి 22 శాతానికి తగ్గించి, దానివల్ల ఏటా 1.45 లక్షల కోట్ల ఆదాయం తగ్గుతుందని తానే ప్రకటించింది. లాభం మీద పన్ను తగ్గించి, ప్రయాణం మీద పన్ను పెంచడం ఒక ఎంపిక. దానిని అనివార్యతగా చెప్పడం దగ్గరే చిక్కు.

రెండో సమర్థన చమురు బాండ్లు. గత ప్రభుత్వం చేసిన అప్పు తీర్చవలసి ఉన్నందున పన్ను తగ్గించలేకపోతున్నామని 2021 ఆగస్టులో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ చెప్పారు. బాండ్లు నిజం, గత ప్రభుత్వం భారాన్ని ముందుకు నెట్టిన మాటా నిజం. అయితే వాటి మీద వడ్డీ ఏటా సుమారు 10 వేల కోట్లు. పెట్రోలియం మీద కేంద్ర ఎక్సైజ్ ఆదాయం 2014–15లో సుమారు 99 వేల కోట్లుండగా 2020–21లో 3.7 లక్షల కోట్లు దాటింది. ఒక్క ఏడాదిలో పెరిగిన ఆదాయంతో అసలు మొత్తాన్నీ తీర్చివేయవచ్చు. ఇంత తేడా ఉన్నప్పుడు బాండ్లను ప్రధాన కారణంగా చూపడం లెక్కకు నిలవదు.

ఇక ఎన్నికల పంచాంగం సంగతి. 2017 జూన్ 16 నుంచి ధరలను రోజూ సవరించే పద్ధతి వచ్చింది. మార్కెట్టు పెరిగితే పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది, ప్రభుత్వ ప్రమేయం లేదు అన్నారు. 2018 మే నెలలో కర్ణాటక శాసనసభ ఎన్నికల ముందు 19 రోజుల పాటు ధర కదలలేదు. 2021లో పశ్చిమ బెంగాల్, తమిళనాడు, కేరళ, అస్సాం ఎన్నికల వేళ పెంపు ఆగి, ఫలితాలు వచ్చిన రెండు రోజులకు మొదలైంది. 2021 నవంబరు నుంచి ఉత్తరప్రదేశ్ ఎన్నికలు ముగిసి 2022 మార్చి 22 వచ్చేదాకా, ఉక్రెయిన్ యుద్ధంతో ముడిచమురు 100 డాలర్లు దాటినా, 137 రోజులు ధర మారలేదు. రోజూ సవరించే ధర ఎన్నికల నోటిఫికేషను చూసి ఆగిపోవడాన్ని మార్కెట్టు సిద్ధాంతాలు వివరించలేవు.

6. కేంద్రం, రాష్ట్రాలు, సెస్సుల రాజకీయం

ఇంతవరకు కేంద్రం గురించి చెప్పుకున్నాం. రాష్ట్రాల పాత్ర లేకుండా ఈ చరిత్ర పూర్తి కాదు. సమాఖ్య వ్యవస్థలో నెపం నెట్టడానికి ఎప్పుడూ ఇంకొకరు దొరుకుతారు.

రాజ్యాంగం 270వ అధికరణం ప్రకారం కేంద్ర పన్నులలో రాష్ట్రాలకు వాటా ఉంటుంది. సెస్సులు, సర్‌ఛార్జీలలో ఉండదు. 2021 ఫిబ్రవరి బడ్జెట్టు తరువాత లీటరు పెట్రోలు మీద ఉన్న 32.90 రూపాయల సుంకంలో మూల ఎక్సైజ్ సుంకం కేవలం 1.40. మిగిలిన 31.50 రూపాయలలో ప్రత్యేక అదనపు సుంకం 11, రోడ్లు, మౌలిక వసతుల సెస్సు 18, వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు 2.50. అంటే రాష్ట్రాలతో పంచుకోవలసింది ఆ 1.40 మాత్రమే. పదిహేనవ ఆర్థిక సంఘం రాష్ట్రాలకు 41 శాతం వాటా ఇచ్చింది నిజమే గాని, వాటా వేసే కుప్పనే చిన్నది చేశారు. సహకార సమాఖ్య అనే నినాదం జోరుగా వినిపించిన కాలం కూడా ఇదే.

రాష్ట్రాల చేతులు శుభ్రంగా ఉన్నాయా? అదీ లేదు. 2015 ఆరంభంలో అంతర్జాతీయ ధర పడిపోతుండగా తెలంగాణ పెట్రోలు మీద వ్యాట్‌ను 35.2 శాతానికి, డీజిలు మీద 27 శాతానికి పెంచింది. ఆంధ్రప్రదేశ్ 31 శాతం వ్యాట్‌కు తోడు లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్ వేసింది. కొత్తగా ఏర్పడిన రాష్ట్రానికి రాజధాని లేదు, ఆదాయం లేదు అన్నది ఆనాటి వాదన. 2018 సెప్టెంబరులో, బంద్ రోజునే, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2 రూపాయలు తగ్గించింది. శాసనసభ ఎన్నికలు అప్పటికి ఏడాది దూరంలో కూడా లేవు. 2020లో వై.ఎస్. జగన్మోహనరెడ్డి ప్రభుత్వం అదనపు వ్యాట్‌ను తిరిగి 4 రూపాయలు చేసి, రోడ్ల పేరిట మరో రూపాయి సెస్సు చేర్చింది. రాజస్థాన్‌లో 2018 సెప్టెంబరులో భాజపా ప్రభుత్వం ఎన్నికల ముందు 4 శాతం వ్యాట్ తగ్గిస్తే, 2019 జులైలో కాంగ్రెసు ప్రభుత్వం దానిని మళ్ళీ పెంచింది. అప్పటికి ఢిల్లీలో కాంగ్రెసు కేంద్ర సుంకాల మీద పోరాడుతూనే ఉంది.

శాతాల్లో వేసే వ్యాట్‌కు మరో గుణం ఉంది. కేంద్రం లీటరుకు 10 రూపాయలు సుంకం పెంచితే, 31 శాతం వ్యాట్ ఉన్న రాష్ట్రానికి వేలు కదపకుండానే 3.10 రూపాయలు అదనంగా వస్తాయి. పెంపును ఖండిస్తూ పత్రికా ప్రకటన ఇచ్చిన ముఖ్యమంత్రి ఖజానాకు కూడా ఆ పెంపులో భాగం ఉంటుంది. 2021 నవంబరులో కేంద్రం పెట్రోలు మీద 5, డీజిలు మీద 10 రూపాయలు తగ్గించి, రాష్ట్రాలు కూడా తగ్గించాలని కోరింది. మేము వ్యాట్ పెంచలేదు గనుక తగ్గించేది లేదని తెలంగాణ ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు చెప్పారు. రేటు పెంచలేదన్నది 2015 తరువాతి కాలానికి నిజం. రేటు మారకపోయినా ఆదాయం పెరిగిందన్నది కూడా నిజం. 2022 ఏప్రిల్‌లో ప్రధాని నరేంద్ర మోదీ ముఖ్యమంత్రుల సమావేశంలో వ్యాట్ తగ్గించని రాష్ట్రాలను పేరుపేరునా ప్రస్తావించారు. తెలుగు రాష్ట్రాలు రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. తాను వేసిన 23 రూపాయలలో కొంత తగ్గించి, పక్కవాడిని నిలదీయడం రాజకీయంగా తెలివైన ఎత్తుగడే. ఆ ఏడాది మే నెలలో మరో తగ్గింపు తరువాత కూడా కేంద్ర సుంకం పెట్రోలు మీద 19.90, డీజిలు మీద 15.80 దగ్గర నిలిచింది. 2014 నాటి అంకెలతో పోల్చి చూడండి.

ఆ తగ్గింపు తరువాత హైదరాబాదులో లీటరు పెట్రోలు 109.66, ఢిల్లీలో 96.72. పదమూడు రూపాయల తేడాకు ప్రధాన కారణం వ్యాట్.

ఈ వాదోపవాదాలలో బస్సు ప్రయాణికుడు ఎక్కడ ఉన్నాడు? 2022 మార్చిలో టోకు డీజిలు ధరను కంపెనీలు లీటరుకు ఒక్కసారిగా సుమారు 25 రూపాయలు పెంచాయి. ఆర్టీసీ బస్సులు తమ డిపోల్లో నింపుకోవడం మాని బయటి బంకుల ముందు వరుసలు కట్టాయి. ఏప్రిల్‌లో రెండు రాష్ట్రాల ఆర్టీసీలూ టికెట్టు మీద డీజిలు సెస్సు వేశాయి. పల్లెవెలుగు బస్సులో 2 రూపాయలు, ఎక్స్‌ప్రెస్‌లో 5 రూపాయలు. ఆర్టీసీ ప్రభుత్వ సంస్థ. అది కొనే డీజిలు మీద వ్యాట్ తీసుకునేది ప్రభుత్వమే. నష్టాల్లో ఉందని సంస్థను మందలించేదీ ప్రభుత్వమే. కారుకు పెట్రోలు పోయించుకునేవాడు పన్నును పంపు మీద అంకెల్లో చూస్తాడు. సంతకు కూరగాయల గంప ఎత్తుకుని బస్సెక్కే మనిషి దానిని టికెట్టులో, సరుకు కిరాయిలో, బియ్యం ధరలో విడతలు విడతలుగా కడుతుంది. పరోక్ష పన్నుల లక్షణమే అది; కట్టేవారికి తాము కడుతున్నామని తెలియదు.

7. కరెంటు చార్జీలు: మన రాష్ట్రాల సొంత అధ్యాయం

పెట్రోలు ధరకు కేంద్రాన్ని చూపవచ్చు. విద్యుత్తు విషయంలో రాష్ట్ర ప్రభుత్వాలకు ఆ వెసులుబాటు తక్కువ. అందుకే తెలుగునాట ఇంధన రాజకీయాలు కరెంటు బిల్లు చుట్టూ ఎక్కువగా నడిచాయి.

1998 విద్యుత్ సంస్కరణల చట్టం ప్రకారం 1999 ఫిబ్రవరి 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ మండలి జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడిపోయింది. ప్రపంచ బ్యాంకు రుణం ఈ సంస్కరణలకు ముడిపడి ఉంది. 2000 సంవత్సరంలో విద్యుత్ నియంత్రణ మండలి ఉత్తర్వులతో చార్జీలు పెరిగాయి. వామపక్షాలు, కాంగ్రెసు పెద్ద ఎత్తున ఉద్యమించాయి. శాసనసభలో ప్రతిపక్ష నాయకుడు వై.ఎస్. రాజశేఖరరెడ్డి, ఇతర కాంగ్రెసు శాసనసభ్యులు నిరాహారదీక్షకు కూర్చున్నారు. ఆగస్టు 28న అసెంబ్లీ ముట్టడికి వెళ్తున్న ప్రదర్శకుల మీద హైదరాబాదులోని బషీర్‌బాగ్ వద్ద పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు మరణించారు. ఇంధన ధర కోసం తెలుగునాట ప్రాణాలు పోయిన సందర్భం ఇది. ఏటా ఆ రోజున అక్కడ నివాళులు జరుగుతున్నాయి.

2004 మే 14న ప్రమాణస్వీకారం చేసిన రోజునే రాజశేఖరరెడ్డి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు దస్త్రం మీద సంతకం చేశారు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్న సందర్భంగా దీనిని చెప్పుకోవాలి. అన్నీ కపటమే అని తేల్చేయడం కూడా చరిత్రకు న్యాయం చేయదు. అయితే అదే పార్టీ ప్రభుత్వం 2012–13 నాటికి గృహ వినియోగదారుల బిల్లుల్లో ఇంధన సర్దుబాటు చార్జీలు చేర్చింది. బషీర్‌బాగ్ ఉదంతం నాడు అధికారంలో ఉన్న తెలుగుదేశం ఈసారి వీధుల్లోకి వచ్చింది. కొత్తగా పుట్టిన వై.ఎస్.ఆర్. కాంగ్రెసు పార్టీ కూడా దీక్షలు చేసింది. 2022లో వై.ఎస్.ఆర్. కాంగ్రెసు ప్రభుత్వ కాలంలో ట్రూ అప్ చార్జీలు, ఇంధన ధరల మీద తెలుగుదేశం ‘బాదుడే బాదుడు’ పేరుతో ఊరూరా తిరిగింది. 2024లో తెలుగుదేశం కూటమి అధికారంలోకి వచ్చింది. ఆ ఏడాది చివరలో బిల్లుల్లో ఇంధన సర్దుబాటు చార్జీలు పడ్డాయి. డిసెంబరులో వై.ఎస్.ఆర్. కాంగ్రెసు కరెంటు చార్జీల బాదుడుపై పోరుబాట పట్టింది. ఈ భారం గత ప్రభుత్వం వదిలి వెళ్ళిందేనని కొత్త ప్రభుత్వం బదులిచ్చింది. బాదుడు అనే మాట కూడా చేతులు మారింది.

ఈ సర్దుబాటు చార్జీల్లో ఒక సాంకేతిక సౌలభ్యం ఉంది. ఇవాళ వాడిన కరెంటు అసలు ఖర్చు నెలలకో ఏళ్ళకో తేలి, తరువాతి బిల్లులో కలుస్తుంది. చార్జీలు పెంచలేదని చెప్పుకుంటూ ఒక ప్రభుత్వం దిగిపోవచ్చు, పెంచింది మేము కాదని చెప్పుకుంటూ మరొకటి వసూలు చేయవచ్చు. చమురు బాండ్లలో చూసిన కథే ఇది, చిన్న పరిమాణంలో.

8. అందరూ ఏకీభవించిన ఒకే విషయం

2017 జులై 1న వస్తు సేవల పన్ను, అంటే జీఎస్టీ, అమలులోకి వచ్చింది. ముడిచమురు, పెట్రోలు, డీజిలు, విమాన ఇంధనం, సహజవాయువు ఈ పన్నుకు బయట ఉండిపోయాయి. రాజ్యాంగం 279ఎ అధికరణం ప్రకారం వీటిని ఎప్పటి నుంచి చేర్చాలో జీఎస్టీ మండలి సిఫారసు చేయాలి. ఆనాటి అత్యధిక జీఎస్టీ రేటు 28 శాతం. 2020 మే నాటి ఢిల్లీ లెక్కలో పన్ను సరుకు ధరకు రెండున్నర రెట్లకు పైగా ఉంది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెడితే తరువాత జరిగింది సులభంగా అర్థమవుతుంది.

పెట్రోలును జీఎస్టీలోకి తేవాలని కాంగ్రెసు అనేకసార్లు డిమాండు చేసింది. కేంద్ర మంత్రులు కూడా తమకు అభ్యంతరం లేదని, రాష్ట్రాలు ఒప్పుకోవాలని పలుమార్లు అన్నారు. కేరళ హైకోర్టు ఆదేశం వల్ల ఈ అంశం 2021 సెప్టెంబరు 17న లక్నోలో జరిగిన జీఎస్టీ మండలి 45వ సమావేశం ముందుకు వచ్చింది. ఆ మండలిలో కేంద్ర ఆర్థిక మంత్రి ఉన్నారు. భాజపా, కాంగ్రెసు, వామపక్ష, ప్రాంతీయ పార్టీల ప్రభుత్వాల ప్రతినిధులు ఉన్నారు. ఇంధన ధరల మీద ఎడ్లబండ్లు తోలినవారు, సైకిళ్ళు తొక్కినవారు, బందులు చేసినవారు, దీక్షలకు కూర్చున్నవారు అందరి పార్టీలకూ అక్కడ గొంతు ఉంది. పెట్రోలియం ఉత్పత్తులను జీఎస్టీలో చేర్చడానికి ఇది తగిన సమయం కాదని మండలి అభిప్రాయపడింది. ఆ సాయంత్రం విలేకరుల సమావేశంలో ఆర్థిక మంత్రి ఈ మాటే చెప్పారు, హైకోర్టుకు కూడా ఇదే తెలియజేస్తామన్నారు.